నాన్నగారి .32 పిస్టలు "నకలు మాలు" అంటున్నారు. ఉంచుకోవాలా, వదిలించుకోవాలా?

కొత్తపేట_కుర్రోడు
మాది గుంటూరు. నాన్నగారు మిర్చి వ్యాపారం చేసేవారు. సీజన్లో యార్డు నుంచి చీకటి పడ్డాక డబ్బుతో ఇంటికి రావాల్సి వచ్చేది. అందుకని 2008లో లైసెన్సు తీసుకుని దేశీ .32 పిస్టలు ఒకటి కొన్నారు (.32 అంటే తూటా లావు, అంగుళాల్లో). మొన్న మార్చిలో ఆయన పోయారు.

గత వారం బీరువా సర్దుతుంటే అడుగు అరలో కనపడింది. పాత పంచె చింపి దాంట్లో చుట్టి, పైన రెండు రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచారు. విప్పగానే కొబ్బరినూనె వాసన. నల్ల పూత చాలాచోట్ల పోయింది, బొటనవేలు ఆనే చోట ఇనుము తెల్లగా మెరుస్తోంది. తూటాలు నింపే మ్యాగజైను విడిగా ఉంది. దాంట్లో ఏడు రౌండ్లు (తూటాలు), పక్కన డబ్బాలో ఇంకో పదకొండు.

మా బాబాయి చూసి, "ఇది బ్రౌనింగు అనే విదేశీ పిస్టలు చూసి కొట్టిన నకలురా, దీనికి మార్కెట్లో విలువ లేదు. పదేళ్ళ కిందట జనవరిలో మీ నాన్నా నేనూ రేంజికెళ్ళి కాలిస్తే మూడో రౌండుకే ఇరుక్కుంది. అదే విదేశీది అయ్యుంటే ఐదు లక్షలకి కళ్ళకద్దుకుని పట్టుకెళ్ళేవాళ్ళు. దీన్ని వదిలించుకో" అన్నాడు. అమ్మేమో, "మీ నాన్న ఇన్నేళ్ళు తలగడ పక్కన పెట్టుకుని పడుకున్న వస్తువు, నకలైతే నాకేంటి" అంటోంది.

నకలు అంటే నిజంగా నాసిరకమేనా? నా పేరు మీదికి మార్చుకోవచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

బ్రాడీపేట_వకీలు
నకలో అసలో తర్వాత చూద్దాం. ఇప్పుడు అది ఎక్కడుంది? ఇంకా బీరువాలోనేనా?

కొత్తపేట_కుర్రోడు
బీరువాలోనే అండి. తాళం వేసే ఉంది.

కృష్ణలంక_బుల్లెట్
బాబాయి మాటే కరెక్టు. దేశీ పిస్టలు అంటే డూప్లికేట్ మాలే. విదేశీది చేతిలో పెట్టుకుంటే తేడా నీకే తెలుస్తుంది. అమ్మేసెయ్ బ్రదర్.

బ్రాడీపేట_వకీలు
తమ్ముడూ, తాళం వేసినా అది నీ దగ్గర ఉండకూడదు. లైసెన్సు మీ నాన్నగారి పేరు మీద ఉంది. ఆయన పోయిన రోజునుంచి ఆ ఇంట్లో దాన్ని పెట్టుకునే హక్కు ఎవరికీ లేదు. 1959 ఆయుధాల చట్టం 21వ సెక్షను ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. రౌండ్లతో సహా. రేపు పొద్దున్నే స్టేషనుకి ముందు ఫోన్ చేసి విషయం చెప్పు. మరణ ధృవీకరణ పత్రం, పాత లైసెన్సు పుస్తకం పట్టుకుని వెళ్ళి అప్పగించు. రసీదు తీసుకో. రసీదులో పిస్టలు నంబరు, రౌండ్ల సంఖ్య రాశారో లేదో అక్కడే నిలబడి చూసుకో. ఈ ఒక్క కాగితం మీదే తర్వాత పనంతా నడుస్తుంది.

పేరు మార్పిడి సంగతి. 2016 ఆయుధాల నిబంధనల్లో వారసుల కోసమే 25వ నిబంధన ఉంది. లైసెన్సుదారు చనిపోతే చట్టబద్ధ వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. బతికుండగానే ఇవ్వాలంటే లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండాలి, లేదా ఆయుధం 25 ఏళ్ళు ఆయన దగ్గర ఉండి ఉండాలి. నీకు 21 ఏళ్ళు దాటి ఉండాలి. తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారి దగ్గర్నుంచి, తోబుట్టువులుంటే వాళ్ళ దగ్గర్నుంచి "అభ్యంతరం లేదు" అని అఫిడవిట్లు సిద్ధం చేసుకో. గుంటూరు కాబట్టి దరఖాస్తు కలెక్టరేట్‌కి వెళ్తుంది, విచారణ పోలీసులు చేస్తారు. అదే విజయవాడ అయితే పోలీస్ కమిషనరే.

అమ్ముకోవాలన్నా ఇదే దారి. డిపాజిట్లో ఉన్న ఆయుధాన్ని లైసెన్సు ఉన్నవాడికి అమ్మమని వారసులు చెప్పొచ్చు. అంతేగాని పైన బుల్లెట్ గారు చెప్పినట్టు "అమ్మేసెయ్" అంటే అమ్మేయడానికి అది సెకండ్ హ్యాండ్ స్కూటరు కాదు.

కొత్తపేట_కుర్రోడు
ఇది నాకు అస్సలు తెలీదండి. ఇంట్లో ఎవరికీ తెలీదు. రేపే వెళ్తాను.

ఆటోనగర్_లేతు
విజయవాడ ఆటోనగర్లో 31 ఏళ్ళుగా లేతు మీద బతుకుతున్నవాణ్ణి. పిస్టళ్ళ గురించి నాకు తెలీదు, నకళ్ళ గురించి మాత్రం తెలుసు. బండి సామాన్లలో మూడు రకాలొస్తాయి. కంపెనీ డబ్బాలో వచ్చేది ఒకటి. కంపెనీకి సప్లై చేసేవాడే తన పేరు మీద అమ్ముకునేది ఇంకోటి. చూసి కొట్టిన లోకల్ మాలు మూడోది. పక్కపక్కన పెడితే మూడూ ఒకేలా ఉంటాయి, వెర్నియరు పెట్టినా కొలత ఒకటే వస్తుంది. తేడా లోపలుంటుంది. ఏ ఇనుము వాడాడు, ఎంత కాల్చాడు, ఎలా చల్లార్చాడు అన్నది. మేం ఆకురాయితో ఒక్క గీత గీసి చూస్తాం. ఆకురాయి జారిపోయిందంటే పదును పట్టినట్టు. గీత పడి పొడి రాలిందంటే మూడు నెలల్లో మళ్ళీ మన కొట్టుకే వస్తుంది.

డ్రాయింగు ఎవరిదన్నది బండికి తెలీదు. పదును ఎలా పెట్టారన్నదే తెలుస్తుంది. కుర్రాడా, దాని లోపలి భాగాలు అరిగాయో లేదో చూపించుకో. పేరు చూసి పారేయకు.

ఖాకీ_పాతిక
లేతు మాస్టారు నా మనసులో మాట చెప్పారు. నేను ఆర్మ్‌డ్ రిజర్వులో పాతికేళ్ళ పైన చేసి రిటైరయ్యాను. నడుముకి కట్టుకున్నది కూడా నకలే. 9 ఎం.ఎం. 1ఎ అంటాం. బెంగాల్లో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో తయారు. దాని మూలం బ్రౌనింగ్ హైపవర్ అనే బెల్జియం పిస్టలు. అదీ తిన్నగా బెల్జియం నుంచి రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో బెల్జియం జర్మనీ చేతికి చిక్కితే కెనడాలో టొరంటో నగరంలో ఇంగ్లిస్ అనే కంపెనీ హైపవర్లు తయారుచేసింది. లక్షన్నర దాకా చేశారు. ఆ ఇంగ్లిస్ నమూనాకి మన ఇషాపూర్ది వారసురాలు. ఆ కంపెనీయే తర్వాత బట్టలుతికే మిషన్లు చేసి పేరు తెచ్చుకుంది.

నాకు ఆ పిస్టలు మిగిల్చిన గుర్తు ఒకటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం మీద చిన్న తెల్ల మచ్చ. స్లైడు, అంటే పిస్టలు మీద ముందుకీ వెనక్కీ జారే పైభాగం, వెనక్కి వచ్చినప్పుడు సుత్తి కిందికి దిగి అక్కడ కొరుకుతుంది. చెయ్యి కాస్త కండగా ఉన్నవాళ్ళందరికీ ఇదే బాధ. ట్రైనింగులో ఇస్త్రీ చొక్కా మీద నెత్తురు చుక్క పడితే ఉస్తాదు, "బాబూ, అది నిన్ను పలకరించింది" అనేవాడు. చాలా ఏళ్ళు ఇది మన నకల్లో లోపం అనుకున్నాను. తర్వాత తెలిసింది, బెల్జియం అసలుదీ అలాగే కొరుకుతుందట. అసల్లో ఉన్న తప్పు కూడా నకల్లోకి నమ్మకంగా వచ్చింది, అంతే.

పేటెంటు_పిచ్చి
ఖాకీ గారూ, ఆ హైపవర్ సంగతే తీసుకుంటే అసలు ఏది, నకలు ఏది అన్నదే తేలదు. వీటిని గీసిన అమెరికావాడు జాన్ బ్రౌనింగ్ తన పాత పిస్టళ్ళ పేటెంట్లు అమెరికాలో కోల్ట్ కంపెనీకి ఇచ్చేశాడు. బెల్జియం ఎఫ్.ఎన్. కంపెనీ కోసం కొత్త పిస్టలు గీయడానికి కూర్చుంటే తన సొంత పేటెంట్లనే తప్పించుకుంటూ గీయాల్సి వచ్చింది. 1926లో అక్కడే బెల్జియంలో పని చేస్తూ చనిపోయాడు. మిగతాది ఎఫ్.ఎన్. డిజైనరు డ్యూడొనే సేవ్ పూర్తిచేశాడు. 1928లో కోల్ట్ పేటెంట్ల గడువు తీరాక ఆ పద్ధతులు కొన్ని మళ్ళీ ఇందులో కలిపాడు. 1935లో బయటికొచ్చింది. ఎవరి ఇంటి కోడి ఎవరి గంప కింద పొదిగిందో చెప్పండి!

కృష్ణలంక_బుల్లెట్
చరిత్ర బాగుంది గురూ. కానీ ఇరుక్కునే పిస్టలు ఇరుక్కుంటూనే ఉంటుంది కదా. మూడో రౌండుకే ఆగిపోయిందని వాళ్ళ బాబాయి కళ్ళారా చూశాడు. రాత్రి దొంగ వచ్చినప్పుడు బ్రౌనింగ్ జీవిత చరిత్ర చదివి వినిపిస్తామా?

ఖాకీ_పాతిక
మంచి ప్రశ్నే అడిగావు బాబూ. కుర్రాడి మొదటి పోస్టు మళ్ళీ చదువు. రెండు ముక్కలు అందులోనే ఉన్నాయి. ఒకటి, విప్పగానే కొబ్బరినూనె వాసన. రెండోది, ఇరుక్కున్నది జనవరిలో.

కొబ్బరినూనె జనవరి చలికి ఏమవుతుంది? మన ఇంట్లో సీసాలో తెల్లగా గడ్డకట్టి, అమ్మ ఎండలో పెట్టేది గుర్తుందా? పిస్టలు సందుల్లోనూ అదే జరుగుతుంది. స్లైడు బద్ధకంగా కదులుతుంది, పూర్తిగా వెనక్కి పోదు, రౌండు సగంలో నిలబడుతుంది. ఏళ్ళ తరబడి రాస్తే ఎండాకాలంలో కూడా జిగురులా పట్టేస్తుంది. వాళ్ళ నాన్నగారు ప్రేమగానే చూసుకున్నారు, రాసిన నూనే తప్పు. దీనికి గన్ ఆయిలని పల్చటిది ఉంటుంది, డీలర్ల దగ్గర దొరుకుతుంది. అదీ రెండు చుక్కలే.

ఇంకో సంగతి. మ్యాగజైనులో ఏడు రౌండ్లు అలాగే నింపి ఉన్నాయన్నాడు. ఎన్నేళ్ళుగా ఉన్నాయో. మ్యాగజైను స్ప్రింగు అలిసిపోయి ఉండొచ్చు. మా ఆర్మరీలో ఇరుక్కునే పిస్టలు వస్తే ఆర్మరరు ముందు మ్యాగజైనే మార్చేవాడు. పదింటిలో ఎక్కువ వాటికి జబ్బు అక్కడే ఉండేది.

డాలస్_తెనాలి
కొబ్బరినూనె! మా తాతయ్య సైకిల్ చైనుకి కూడా అదే రాసేవాడు.

పది_మీటర్లు
నేను విజయవాడలో పిస్టల్ షూటింగ్ చేస్తాను. పది మీటర్ల ఎయిర్ పిస్టలుతో మొదలుపెట్టి ఇప్పుడు .22కి వచ్చాను. ఖాకీ గారు చెప్పినదానికి ఇంకొకటి కలుపుతున్నాను. పిస్టలులో వాడే .32 తూటా, అంటే 7.65 ఎం.ఎం., దాని అడుగు అంచు ఒంటికన్నా కొంచెం బయటికి పొడుచుకొస్తుంది. మ్యాగజైనులో పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందుండాలి. వెనక పడిందా, పైది ముందుకు కదలకుండా కిందిది పట్టేస్తుంది. ఇది ఏ దేశం పిస్టలుకైనా వస్తుంది, తూటా ఆకారమే అంత. ఆ తూటా కూడా బ్రౌనింగే 1899లో తన పిస్టలు కోసం తయారుచేసుకున్నాడు. కాబట్టి "ఇరుక్కుంది, అందుకే నకలు నాసిరకం" అనడానికి తొందరపడొద్దు.

.32 అంటే చులకనగా మాట్లాడేవాళ్ళకి ఒక మాట. రివాల్వర్లో వాడే పొడుగు .32తో అంతర్జాతీయ పోటీల్లో సెంటర్ ఫైర్ ఆడతారు. 2006 దోహా ఏషియన్ గేమ్స్‌లో జస్పాల్ రాణా 590 కొట్టి ప్రపంచ రికార్డు సమం చేసి బంగారు పతకం తెచ్చింది ఆ సెంటర్ ఫైర్‌లోనే.

గంగూరు_రైతు
అసలు మనవాళ్ళందరి దగ్గరా ఈ .32యే ఎందుకుంటుంది? 9 ఎం.ఎం. ఎందుకు కొనుక్కోరు?

బ్రాడీపేట_వకీలు
కొనుక్కోనివ్వరు కాబట్టి. సైన్యం, పోలీసులు వాడే తూటా పట్టే పిస్టలు, రివాల్వరు మామూలు పౌరుడికి నిషిద్ధ కోవలోకి వస్తాయి. 9 ఎం.ఎం., .38, .455 అన్నీ అంతే. మిగిలినవాటిలో మనవాళ్ళు ఎక్కువగా కొనేది .32. విదేశీ పిస్టళ్ళు ఐదు లక్షలూ పది లక్షలూ పలకడానికి కారణం కూడా పనితనం ఒక్కటే కాదు. 1980ల మధ్యలో మామూలు మనుషులకి దిగుమతి ఆపేశారు. అప్పటికే దేశంలో ఉన్నవే చేతులు మారుతున్నాయి. ఏటా తగ్గుతాయి గాని పెరగవు. 60 ఏళ్ళ జర్మనీ వాల్తరు పిస్టలుకి అంత రేటు అందుకే. బాబాయిగారు చెప్పిన "విలువ" ఆ కొరతకి కడుతున్న ధర.

కృష్ణలంక_బుల్లెట్
ఒప్పుకుంటాను, కొరత ఉంది. కానీ మా మేనమామ దగ్గర పాత జర్మనీ పిస్టలు ఒకటుంది. స్లైడు లాగితే వెన్న మీద కత్తి నడిచినట్టుంటుంది. దేశీది లాగితే ఇసుక నలిగినట్టుంటుంది. రెండూ నా చేత్తో లాగి చూశాను. ఆ తేడాని కొరత అనలేను.

ఆటోనగర్_లేతు
బుల్లెట్ బాబు ఈసారి చెప్పింది నేను ఒప్పుకుంటాను. ఇసుక నలిగినట్టు ఉందంటే మిషను మీద కోసిన గీతలు చేత్తో నున్నగా రుద్దలేదని. దాన్ని ఫినిషింగ్ అంటాం. అదొక్కటే మన దగ్గర తక్కువ, చాలా పనుల్లో తక్కువ. సామాను గట్టిగానే ఉంటుంది, ఆఖరి పావుగంట పని వదిలేస్తారు. నాకు అది చూస్తే కడుపు రగులుతుంది. ఆ పావుగంట పెడితే ఎవడూ నకలు అనడు.

డాలస్_తెనాలి
నాది తెనాలి, ఉంటున్నది డాలస్. ఇక్కడ నా దగ్గర ఇటలీ టాన్‌ఫోలియో వాళ్ళ పిస్టలు ఉంది. అది చెక్ దేశపు సీజెడ్ 75కి నకలు. ఆ సీజెడ్ కథ వింటే ఆశ్చర్యపోతారు. 1975లో కౌట్‌స్కీ అన్నదమ్ములు దాన్ని గీశారు. అప్పటి చెకోస్లోవాకియా ప్రభుత్వం పేటెంటుని రహస్యంగా ఉంచింది. రహస్య పేటెంటు బయటి దేశాల్లో చెల్లదు కదా. దాంతో ప్రపంచమంతా చూసి కొట్టింది. ఇటలీలో టాన్‌ఫోలియో, ఇజ్రాయెల్లో ఆ ఇటలీ విడిభాగాలతోనే మొదలైన జెరికో, టర్కీ, చైనా, ఇలా చెప్పుకుంటూ పోతే చేంతాడంత.

నేను నకలు ముందు కొన్నాను, డబ్బులు తక్కువని. మూడేళ్ళ తర్వాత అసలు సీజెడ్ కూడా కొన్నాను. రెండింటికీ స్లైడు ఫ్రేము లోపల నడుస్తుంది, పిడి నిమ్మకాయ పట్టుకున్నట్టు చేతిలో ఇమిడిపోతుంది. ఒకదాని మ్యాగజైను రెండోదానికి పట్టలేదు, అంతే తేడా. మా ఊళ్ళో పోటీలకి నేను పట్టుకెళ్ళేది ఇప్పటికీ నకలునే. దాని పేరు దానికుంది. "ఇది సీజెడ్ కాదు" అని ఎవరూ మూతి విరవరు.

గంగూరు_రైతు
వాళ్ళు చూసి కొడితే గొప్ప నకలు, మనం కొడితే డూప్లికేటా?

పేటెంటు_పిచ్చి
గంగూరు గారి ప్రశ్నకి ఇంకో కథ. మన కాన్పూరు ఫ్యాక్టరీ .32 రివాల్వరు ఇంగ్లండు వెబ్లీ కంపెనీ నమూనాలోది. మధ్యలో విరిచి తెరిస్తే కాల్చిన ఆరు తూటాల ఖాళీ తొడుగులూ ఒకేసారి బయటికొస్తాయి. ఆ వెబ్లీ డిజైనుని మొదట "చూసి కొట్టింది" ఎవరు? బ్రిటిష్ ప్రభుత్వమే! తొలి ప్రపంచ యుద్ధం తర్వాత వెబ్లీ కంపెనీ చిన్న .38 రివాల్వరు గీసి ఇస్తే, ప్రభుత్వం దాన్ని తీసుకెళ్ళి కొంచెం మార్చి తన ఎన్‌ఫీల్డ్ ఫ్యాక్టరీలో చేయించుకుంది. వెబ్లీ వాళ్ళు 2,250 పౌండ్లు ఇమ్మని దావా వేశారు. కోర్టు కొట్టేసింది. చివరికి ఆవిష్కర్తల కోసం ఉన్న రాయల్ కమిషన్ 1,250 పౌండ్లు ఇప్పించింది. సీమలో దొరలే ఒకరిది ఒకరు ఎత్తుకుంటే మనం మాత్రం తలదించుకోవాలా?

ఆటోనగర్_లేతు
ఎత్తుకోవడం ఎవరు చేసినా ఎత్తుకోవడమే బాబూ. గీసినవాడికి కూలి ఇవ్వాలి. నేను ఒక జిగ్గు (సామాను కదలకుండా పట్టి ఉంచే సాధనం) తయారుచేస్తే పక్క కొట్టువాడు నాలుగు రోజుల్లో దించేశాడు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. పేటెంటు గడువు తీరాక చెయ్యడం వేరు, అడిగి డ్రాయింగు తెచ్చుకుని చెయ్యడం వేరు, రాత్రికి రాత్రి దించడం వేరు.

బ్రాడీపేట_వకీలు
వీటికి నాలుగోది కలపండి. పేరు కూడా దొంగిలించేది. బీహార్లోని ముంగేర్‌లో అక్రమంగా చేసి, మీద "మేడ్ ఇన్ యు.ఎస్.ఏ." అని కొట్టి అమ్మే పిస్టళ్ళు. ఇలాంటి కేసుల్లో చిక్కుకున్న కుర్రాళ్ళని చూశాను. ఒకడు నా ముందు కూర్చుని, "సార్, ఇటలీదని చెప్పి అంటగట్టాడు" అని ఏడ్చాడు. ఇటలీదైనా ఆకాశం నుంచి ఊడిపడినా లైసెన్సు లేకపోతే జైలే. 2019 సవరణ తర్వాత శిక్షలు ఇంకా పెరిగాయి. ఇంకోపక్క, మన దేశీ పిస్టలు మీద దాన్ని చేసిన ఫ్యాక్టరీ గుర్తే ఉంటుంది, నంబరు ఉంటుంది. అది తను కానిదాన్ని అని చెప్పుకోలేదు. నకలు అన్న మాట ఈ రెండింటికీ ఒకేలా వాడకండి, దయచేసి.

పటమట_అక్క
ఇన్ని పోస్టులు చదివాను. ఒక్కరూ అసలు ఉంచుకోవడం ఎందుకని అడగలేదు. మా ఆయనకి .32 రివాల్వరు ఉండేది. ఆయన పోయాక నేను వారసురాలిగా నా పేరు మీదికి మార్చుకున్నాను, జ్ఞాపకంగా ఉంటుందని. ప్రతి రెన్యువల్‌కీ తిరగాలి. ఎన్నికలొస్తే స్టేషన్లో పెట్టాలి. 2024లో మార్చిలో ఇస్తే ఓట్ల లెక్కింపు అయ్యాక జూన్‌లో తిరిగిచ్చారు. ఏ స్టేషనో చెప్పను. మూడు నెలలు గోనెసంచిలో పడి ఉంది. తెచ్చి చూస్తే చిలుం. ఆయన రోజూ తుడిచిన చోట బొడిపెలు బొడిపెలుగా ఎర్ర మచ్చలు. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

పైగా ఇంట్లో మనవలు తిరుగుతుంటారు. ఇనప పెట్టె తాళం వేశానా లేదా అని అర్ధరాత్రి లేచి చూసుకునేదాన్ని. పోయినేడాది లైసెన్సున్న డీలరు ద్వారా అమ్మేశాను. తమ్ముడూ, నువ్వు ఉంచుకో, వద్దనను. కానీ ఆ తాళం గురించి రోజూ ఆలోచించే మనిషివైతేనే ఉంచుకో.

ఖాకీ_పాతిక
అమ్మా, స్టేషన్లో పెట్టే ముందు బాగా నూనె రాసి, ప్లాస్టిక్ సంచిలో తేమ పీల్చే పొట్లాలు వేసి ఇవ్వాల్సింది. అప్పుడు ఎవరూ చెప్పి ఉండరు. చదివేవాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. గుడ్డలో చుట్టి ఎప్పుడూ పెట్టకండి. మన కృష్ణా ఒడ్డు గాలికి గుడ్డ తేమ పట్టి ఇనుముకే అంటిస్తుంది.

పది_మీటర్లు
అక్కా, మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

ఆటోనగర్_లేతు
కుర్రాడా, నీ మ్యాగజైను స్ప్రింగు పాడైందంటే అలాంటి స్ప్రింగు చుట్టడం మా వీధిలో అరగంట పని. అయినా చెప్తున్నాను, మా వీధికి తేకు. ఎవడైనా "నేను చేస్తాను ఇటివ్వు" అన్నా ఇవ్వకు.

బ్రాడీపేట_వకీలు
మాస్టారికి నమస్కారం. ఆయుధాల రిపేరుకి కూడా లైసెన్సు ఉండాలి, 5వ సెక్షను. ఆటోనగర్లో ఎంత పనిమంతుడున్నా ఈ ఒక్క పనికి ఆయన దగ్గరికి వెళ్ళకూడదు.

కృష్ణలంక_బుల్లెట్
కొత్తపేట తమ్ముడు ఏడి? ఇచ్చాడా లేదా?

కొత్తపేట_కుర్రోడు
మర్నాడే ఇచ్చేశానండి. స్టేషన్లో రైటరు గారు ముందు కోప్పడ్డారు, ఇన్ని రోజులు ఏం చేస్తున్నావని. తర్వాత ఆయనే కూర్చోబెట్టి, నంబరు భూతద్దంతో చూసి, పదునెనిమిది రౌండ్లూ ఒక్కొక్కటి లెక్కపెట్టి రసీదు రాసిచ్చారు. వకీలు గారు చెప్పినట్టు అక్కడే చదువుకున్నాను. దరఖాస్తు పెట్టాను. అక్కగారి మాట మనసులో ఉంది. అమ్మకి చదివి వినిపించాను.

కొత్తపేట_కుర్రోడు
చాలా నెలలైంది. పాత చర్చ పైకి తెస్తున్నందుకు ఏమనుకోకండి. లైసెన్సు నా పేరు మీద వచ్చింది. విచారణకి రెండుసార్లు ఇంటికొచ్చారు. ఆయుధ భద్రత శిక్షణ పూర్తిచేసి ఎస్-1 సర్టిఫికెట్ తెచ్చుకున్నాను.

డిపాజిట్ నుంచి విడిపించాక ఇంటికి తేకుండా తిన్నగా రిపేరు లైసెన్సున్న షాపుకి పట్టుకెళ్ళాను. ఆయన విప్పి తెల్ల కాగితం మీద ఒక్కో భాగం పెట్టారు. స్లైడు లోపల గాడిలో పసుపచ్చటి మైనం పేరుకుని ఉంది. పుల్లతో తీస్తే చుట్టలు చుట్టుకుంటూ వచ్చింది. "కొబ్బరినూనె కదూ" అని నేను చెప్పకముందే అన్నారు. బ్యారెల్ బాగుందన్నారు, లోపల గాళ్ళు పదునుగానే ఉన్నాయట. అరిగింది మ్యాగజైను స్ప్రింగు ఒక్కటే. కొత్త మ్యాగజైను తెప్పించారు.

పోయిన ఆదివారం బాబాయిని తీసుకుని రేంజికెళ్ళాను. మళ్ళీ జనవరే. పాత రౌండ్లు వాడొద్దంటే కొత్తవి కొన్నాను. పాత మ్యాగజైనుతో ఒకసారి చూద్దామని మొదట ఏడు పెడితే నాలుగోది ఇరుక్కుంది. బాబాయి నావైపు "చెప్పానా" అన్నట్టు చూశాడు. కొత్త మ్యాగజైను పెట్టాను. ఏడు, మళ్ళీ ఏడు, మళ్ళీ ఆరు. ఇరవైకి ఇరవై పోయాయి. గురి సంగతి అడక్కండి, అది పిస్టలు తప్పు కాదు. బాబాయి ఏమీ అనలేదు. ఖాళీలు ఏరుతూ, "అన్నయ్యకి ఆ మ్యాగజైను సంగతి ఎవరైనా చెప్పుంటే బాగుండేది" అన్నాడు. కారులో ఇంటికొచ్చేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఖాకీ_పాతిక
సంతోషం నాయనా. ఇనప పెట్టె కొన్నావా?

కొత్తపేట_కుర్రోడు
కొన్నానండి, గోడకి బోల్టులు వేయించాను. రౌండ్లు వేరే చోట. గుడ్డ మానేశాను. ఆ పంచె ముక్కని అమ్మ పారేయనివ్వలేదు. రెండుసార్లు ఉతికినా నూనె వాసన పోలేదు, అలాగే మడిచి తన చీరల్లో పెట్టుకుంది.